కొలత ఒక అమానతు: వంటగదిలో పిల్లలకు తూనికల పాఠం

మద్యన్ వాసుల వృత్తాంతం దివ్యఖుర్‌ఆన్‌లో పలుచోట్ల వస్తుంది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) ఆ జాతి వద్దకు ప్రవక్తగా వచ్చి, అల్లాహ్‌ను తప్ప మరెవరినీ ఆరాధించవద్దని బోధించారు. ఆ వెంటనే ఆయన చెప్పిన మాట కొలతలను, తూనికలను గురించినది. కొలిచేటప్పుడు నిండుగా కొలవాలని, జనులకు చెందవలసిన వస్తువులలో కోత పెట్టవద్దని ఆయన హెచ్చరించారు. తౌహీద్ సందేశం పక్కనే తక్కెడ ప్రస్తావన రావడం ఆలోచనాపరులకు చిన్న విషయం కాదు. అర్రహ్మాన్ సూరాలోనూ ఆకాశాన్ని ఎత్తుగా నిలిపిన సంగతి వెంబడే త్రాసును నెలకొల్పిన సంగతి వస్తుంది. ఇక ముతఫ్ఫిఫీన్ సూరాకు ఆ పేరు కొలతల్లో తగ్గించేవారిని బట్టే వచ్చింది. తమకు రావలసినది పూర్తిగా తీసుకుని, ఇతరులకు ఇవ్వవలసినప్పుడు తగ్గించేవారికి ఆ సూరా తొలి వాక్యాలలోనే వినాశనపు హెచ్చరిక ఉంది. 'తత్ఫీఫ్' అనే అరబీ పదంలో అల్పమైనది, స్వల్పమైనది అనే అర్థం ఇమిడి ఉన్నదని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే ఆ హెచ్చరిక బస్తాలు మాయం చేసేవారికే పరిమితం కాదు. చెంచాడు తగ్గించేవారికి కూడా అది వర్తిస్తుంది.

ఈ ఆదేశం అంగట్లో కూర్చున్న వ్యాపారికి మాత్రమేనని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఫిత్రా ధాన్యం ఇచ్చే గృహస్థుడు, జకాత్ లెక్క వేసుకునే గృహిణి, మహర్ చెల్లించే భర్త, ఇంటివద్ద కేకులు చేసి అమ్ముకునే సోదరి, వీరందరూ ఏదో ఒక రోజున కొలిచేవారే. నిండుగా కొలవాలంటే ఉద్దేశ్యం మంచిదైతే చాలదు, కొలవడం తెలిసి ఉండాలి. తెలియక తగ్గించినవాడిని అల్లాహ్ క్షమించవచ్చు గాక, అవతలివాడికి మాత్రం నష్టం నష్టంగానే మిగులుతుంది. కాబట్టి కొలతల జ్ఞానం పిల్లలకు లెక్కల పాఠం కావడంతోపాటు అమానతు పాఠం కూడా అవుతుంది.

మదరసాకు వచ్చే పిల్లలలో మేము తరచుగా గమనించే విషయం ఒకటుంది. వెయ్యి గ్రాములు ఒక కిలో, వెయ్యి మిల్లీలీటర్లు ఒక లీటరు అని వారు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. ఒక లోటాను చేతికిచ్చి ఇందులో ఎన్ని మిల్లీలీటర్ల నీరు పడుతుందని అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. నోటికి వచ్చిన పట్టిక చేతికి రాలేదన్నమాట. చేతికి రావాలంటే పని కావాలి. అందుకు ఇంటి వంటగదిని, అందులోనూ బేకింగ్‌ను మించిన బడి మాకు కనిపించలేదు.

కూర కాదు, బేకింగే ఎందుకు?

కూర వండేటప్పుడు మన తల్లులు అందాజుతో వండుతారు. ఉప్పు తగ్గితే వేస్తారు, పులుపు ఎక్కువైతే నీళ్లు పోస్తారు. పొరపాటు జరిగినా మధ్యలో సరిదిద్దుకునే వీలుంది. ఓవెన్‌లోకి వెళ్లిన పిండిని సరిదిద్దే వీలు లేదు. నెయ్యి ఎక్కువైతే నాన్‌ఖటాయి పరచుకుపోతుంది, తక్కువైతే పొడిపొడిగా రాలిపోతుంది. బేకింగ్ పౌడర్ రెట్టింపైతే కేకు పొంగి కూలబడుతుంది, నోటికి చేదు తగులుతుంది. కొలత తప్పిన సంగతిని గురువు చెప్పనక్కరలేదు, పళ్లెమే చెబుతుంది.

పైగా బేకింగ్ విధానాలు ఒకే భాషలో రాసి ఉండవు. ఒకచోట కప్పులు, మరొకచోట గ్రాములు, ఇంకొకచోట ఔన్సులు. ఒకచోట వేడి సెల్సియస్‌లో, మరొకచోట ఫారెన్‌హీట్‌లో. అమెరికాలో ఉన్న పిన్ని పంపిన విధానం ఒక తీరుగా, గల్ఫ్ నుండి మామయ్య తెచ్చిన పొట్లం మీది రాత మరొక తీరుగా ఉంటాయి. ఒక ప్రమాణాన్ని మరొక ప్రమాణంలోకి మార్చనిదే పని ముందుకు సాగదు. మార్పిడి చేసే అవసరం పిల్లవాడికి నిజంగానే ఏర్పడుతుంది.

కైల్, వజ్న్: రెండు వేర్వేరు దారులు

ధర్మశాస్త్ర గ్రంథాలు వస్తువులను కొలిచేవి, తూచేవి అని విడదీస్తాయి. పాత్రతో కొలవడం కైల్, త్రాసుతో తూచడం వజ్న్. కొలతకు మదీనావాసుల కొలతను, తూకానికి మక్కావాసుల తూకాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న భావం గల హదీసు అబూ దావూద్, నసాయీ గ్రంథాలలో ఉంది. మదీనా పొలాలు, ఖర్జూర తోటల పట్టణం కనుక అక్కడి ప్రజలకు ధాన్యం కొలిచే పాత్రలతో నిత్యం పని ఉండేదని, మక్కా వర్తక కేంద్రం కనుక అక్కడివారు వెండి బంగారాలను తూచడంలో ఆరితేరినవారని పండితులు దీనికి కారణం చెప్పారు.

వంటగదిలో కప్పు కైల్, గ్రాము వజ్న్. పిల్లలు చేసే మొదటి పొరపాటు ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు కదా, అయితే ఒక కప్పు మైదా 240 గ్రాములు అని వారు అనేస్తారు. ఆ మాట నీటికి సరిపోతుంది, మైదాకు సరిపోదు. ఒక కప్పు మైదా సుమారు 120 గ్రాములే తూగుతుంది. అదే కప్పుతో చక్కెర సుమారు 200 గ్రాములు, కరిగిన నెయ్యి సుమారు 220 గ్రాములు, తేనె దాదాపు 340 గ్రాములు తూగుతాయి. కప్పు మారలేదు, కప్పులోని వస్తువు మారింది. కాబట్టి కిలోలను గ్రాములుగా మార్చడానికి సంఖ్య తెలిస్తే చాలు గాని, కప్పులను గ్రాములుగా మార్చడానికి వస్తువు కూడా తెలియాలి. ఈ ఒక్క సూత్రం పిల్లవాడి మనసులో నాటుకుంటే సగం పాఠం పూర్తయినట్లే.

పూర్వపు ముస్లిం శాస్త్రవేత్తలు శ్రమించిన విషయాలలో ఇదీ ఒకటి. అల్‌బీరూనీ లోహాలను, రత్నాలను నీటిలో ముంచి, అవి తొలగించిన నీటిని తూచి, సమాన పరిమాణంలో ఏది ఎంత బరువో పట్టికలు కట్టాడు. అటుపిమ్మట మర్వ్ నగరానికి చెందిన అల్‌ఖాజినీ హిజ్రీ 515లో, అంటే క్రీ.శ. 1121లో, కేవలం త్రాసును గురించే 'మీజానుల్ హిక్మా' అనే బృహద్గ్రంథం రచించాడు. నగలో కల్తీ ఉన్నదా లేదా అని నగను చెరపకుండా తేల్చడం ఆ త్రాసు ప్రయోజనాలలో ఒకటి. మన పిల్లలు కప్పు మైదాను, కప్పు చక్కెరను తూచి చూసినప్పుడు ఆ మహనీయులు నడిచిన బాటలోనే ఒక చిన్న అడుగు వేస్తున్నారు.

ఒక పూట పాఠం: నాన్‌ఖటాయి

నాన్‌ఖటాయి మన ఇళ్లకు కొత్త కాదు. అందులో వాడే వస్తువులు కొద్ది, చేసే పద్ధతి సులువు. మైదా 2 కప్పులు, శనగపిండి అర కప్పు, చక్కెర పొడి 1 కప్పు, నెయ్యి ముప్పావు కప్పు, బేకింగ్ పౌడర్ అర టీ స్పూన్, ఏలకుల పొడి అర టీ స్పూన్, చిటికెడు ఉప్పు. పిల్లలకు ఈ పట్టికను కప్పులలోనే ఇచ్చి, గ్రాముల పట్టికను వారిచేతనే తయారు చేయించాలి. అందుకు కొలత కప్పులు, చెంచాల జత ఒకటి, గ్రాములు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి, ఒక నోటు పుస్తకం చాలు.

మొదట ఒక ప్రయోగం చేయించండి. ఒక పిల్లవాడిని కప్పును నేరుగా మైదా డబ్బాలో ముంచి, అదిమి నింపమనండి. మరొకరిని పిండిని చెంచాతో వదులుగా కప్పులో పోసి, కత్తి వెన్నుతో అంచుకు సమంగా తుడవమనండి. రెండింటినీ తూచండి. రెండవది 120 గ్రాములకు దగ్గరగా ఉంటే, మొదటిది 150 గ్రాములకు చేరినా ఆశ్చర్యం లేదు. ఒకే కప్పు, ఒకే పిండి, అయినా ముప్పయి గ్రాముల తేడా. పూర్వం ధాన్యపు అంగళ్లలో కొనేటప్పుడు కుంచం పైన గుట్టగా పోయించుకుని, అమ్మేటప్పుడు అంచుకు సమంగా తుడిచేవారి మోసం ఎలా సాగేదో పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది. ముతఫ్ఫిఫీన్ సూరా తొలి వాక్యాల భావాన్ని అప్పుడు వివరించండి. ఆ మాటలు వారి చేతిలోని కప్పు మీదే దిగినట్లు వింటారు.

తూచిన తరువాత వారి పట్టిక ఇంచుమించు ఇలా రావాలి: మైదా 240 గ్రాములు, శనగపిండి 45 నుండి 50 గ్రాములు, చక్కెర పొడి సుమారు 120 గ్రాములు, నెయ్యి సుమారు 160 గ్రాములు. ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేయండి. చక్కెర కప్పుకు 200 గ్రాములు తూగినప్పుడు, చక్కెర పొడి 120 గ్రాములే తూగిందెందుకు? వస్తువు ఒకటే అయినా, పొడి చేసినప్పుడు రేణువుల నడుమ గాలి చేరింది. సమాధానాన్ని మీరు చెప్పకండి, వారినే వెతకనివ్వండి.

చక్కెర పొడిని, నెయ్యిని కలిపి తెల్లగా గిలక్కొట్టి, జల్లించిన పిండ్లను, మిగిలిన వాటిని చేర్చి ముద్ద చేయాలి. చిన్న ఉండలుగా చేసి, కాస్త అదిమి, ముందుగానే వేడెక్కిన ఓవెన్‌లో 15 నుండి 20 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. అడుగు లేత గోధుమ రంగుకు రాగానే తీయాలి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి, చల్లారిన కొద్దీ కరకరలాడతాయి.

సగం చేసినప్పుడే అసలు లెక్క

రెండవసారి అదే వంటకాన్ని సగం పాళ్లతో చేయించండి. మైదా 1 కప్పు, శనగపిండి పావు కప్పు, చక్కెర పొడి అర కప్పు. ఇంతవరకు సులువే. నెయ్యి ముప్పావు కప్పులో సగం ఎంత? ఎనిమిదింట మూడు వంతుల కప్పు. ఆ కొలత గల కప్పు జతలో ఉండదు. ఇప్పుడు పిల్లవాడు చిన్న ప్రమాణంలోకి దిగవలసి వస్తుంది. ఒక కప్పుకు 16 టేబుల్ స్పూన్లు, ఒక టేబుల్ స్పూన్‌కు 3 టీ స్పూన్లు. పదహారులో ఎనిమిదింట మూడు వంతులు ఆరు. కాబట్టి 6 టేబుల్ స్పూన్ల నెయ్యి. సరిచూసుకోవడానికి మరొక దారి ఉంది. టేబుల్ స్పూన్ 15 మిల్లీలీటర్లు కనుక ఆరు చెంచాలు 90, ముప్పావు కప్పు 180లో సగం 90. రెండు దారులూ ఒకచోట కలిశాయి. బడిలో భిన్నాలంటే బెదిరే పిల్లలు ఇక్కడ తినబోయే వస్తువు కోసం భిన్నాలను సంతోషంగా ఛేదిస్తారు.

ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ ఉంటే వారిని తప్పక ఈ పాఠంలో కూర్చోబెట్టండి. మన పాత కొలతలు సగాల మీదే నడిచాయి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కుంచంలో సోలలు ఎన్ని అని నానమ్మ మనవడిని అడిగితే పదహారు అని చెప్పడానికి వాడికి వేళ్లు చాలవు గాని, కప్పులో పదహారు చెంచాలను చూసినవాడికి ఆ మెట్లు వెంటనే తెలుస్తాయి.

పరదేశపు విధానాలు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, కప్పు అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికా కప్పును 240 మిల్లీలీటర్లుగా లెక్కిస్తే, ఆస్ట్రేలియా కప్పు 250. అక్కడి టేబుల్ స్పూన్ 15 కాదు, 20 మిల్లీలీటర్లు. మన టీ కప్పు వీటిలో ఏదీ కాదు. రెండవది, ఔన్సు రెండు రకాలు. ద్రవాలను కొలిచే ఔన్సు వేరు, తూచే ఔన్సు వేరు. తూకపు ఔన్సు 28.35 గ్రాములు. ఎనిమిది ఔన్సుల మైదా అంటే 227 గ్రాములు, అంటే రెండు కప్పులకు కొద్దిగా తక్కువ. ఎనిమిది ఔన్సులు ఒక కప్పు అనే ద్రవాల లెక్కను పట్టుకుని ఒక్క కప్పు మైదా పోసినవాడు సగం పిండితో కేకు చేసినట్లే.

వేడికి వేరే లెక్క

విధానంలో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉండి, ఓవెన్ మీద సెల్సియస్ అంకెలు ఉంటే ఏం చేయాలి? ఇంతవరకు నేర్చిన మార్పిడులన్నీ గుణించడం, భాగించడంతో ముగిశాయి. సున్నా గ్రాములు సున్నా ఔన్సులే. వేడి సంగతి అలా కాదు. నీరు గడ్డకట్టే స్థితిని సెల్సియస్ 0 అంటే, ఫారెన్‌హీట్ 32 అంటుంది. ఇద్దరూ వేర్వేరు చోట్ల నిలబడి లెక్కపెడుతున్నారు. అందుచేత ముందు 32 తీసివేసి, తరువాత 5తో గుణించి 9తో భాగించాలి. 350లోంచి 32 పోతే 318, దానిని 5తో గుణిస్తే 1590, 9తో భాగిస్తే సుమారు 177. ఓవెన్‌ను 180 వద్ద పెడితే సరిపోతుంది. మూడు డిగ్రీల తేడాను నాన్‌ఖటాయి భరిస్తుంది. ఏ తేడాను భరించవచ్చు, ఏ తేడాను భరించకూడదు అనే వివేకం కూడా కొలతల జ్ఞానంలో భాగమే. ఓవెన్‌లో మూడు డిగ్రీలను వదిలేయవచ్చు, ఇతరుల హక్కులో మూడు గ్రాములను వదిలేయమని మనం అనలేము.

ఖాళీ గిన్నె బరువు ఎవరిది?

త్రాసు మీద గిన్నె పెట్టి పిండి పోస్తే అంకె గిన్నె బరువును కూడా కలిపి చూపుతుంది. ఖాళీ గిన్నె పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, ఆపైన పిండి పోయాలని పిల్లలకు నేర్పండి. ఆ మీటను 'టేర్' అంటారు. తీసివేయబడినది అనే అర్థం గల అరబీ పదం 'తర్‌హ్' నుండి ఐరోపా భాషలకు వెళ్లిన మాట అది. ముస్లిం వర్తకుల తక్కెడ నుండి బయలుదేరిన పదం నేడు ప్రతి త్రాసు మీద కనబడుతున్నది.

ఈ చిన్న మీట వెనుక పెద్ద హక్కు ఉంది. మిఠాయి అంగడిలో అట్టపెట్టెతో సహా తూచి మిఠాయి ధర వసూలు చేస్తే, కొన్నవాడు అట్టకు మిఠాయి ధర చెల్లించినట్లు అవుతుంది. మన దేశపు తూనికల చట్టం కూడా పెట్టె బరువు కలపని నికర బరువునే లెక్కకు తీసుకుంటుంది. ఇళ్లలో కేకులు చేసి అమ్ముతూ హలాల్ సంపాదనతో కుటుంబానికి ఆసరాగా నిలుస్తున్న సోదరీమణులు నేడు ఎందరో ఉన్నారు. అల్లాహ్ వారి పనిలో బర్కత్ ప్రసాదించుగాక. అర కిలో కేకు అని చెప్పినప్పుడు కింది అట్ట తీసివేయగా 500 గ్రాములు ఉండాలి. ఇంటి త్రాసు వద్ద ఈ నియమం నేర్చిన కూతురు రేపు అంగడి పెట్టినా అందులో తత్ఫీఫ్ ఉండదు.

వంటగది నుండి ఫిత్రాకు, మహర్‌కు

కప్పు, గ్రాముల తేడా చేతికి వచ్చిన పిల్లలను ఇక దీనీ కొలతల వద్దకు తీసుకురావచ్చు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుండి ఐదు ముద్‌ల నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. నాలుగు ముద్‌లు ఒక సా. సగటు మనిషి రెండు అరచేతులు కలిపి పట్టినంత ధాన్యం ఒక ముద్ అని పండితులు చెబుతారు. ఇంట్లో తండ్రి నాలుగుసార్లు, కొడుకు నాలుగుసార్లు రెండు చేతులతో గోధుమలు తీసి వేర్వేరు గిన్నెలలో పోసి తూచి చూడండి. రెండు తూకాలూ కలవవు. చేయి అంచనాకు మాత్రమే పనికివస్తుందని, హక్కు తేల్చడానికి అందరూ అంగీకరించిన పాత్ర కావాలని పిల్లలు గ్రహిస్తారు.

సా పరిమాణం విషయంలో ఇమాముల మధ్య చర్చ జరిగింది. ఇరాక్ విద్వాంసులు దానిని ఎనిమిది రతల్‌లుగా లెక్కించేవారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్) శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) మదీనాకు వెళ్లి ఈ విషయం విచారించగా, మరునాడు ఉదయం ముహాజిర్లు, అన్సార్ల సంతతికి చెందిన దాదాపు యాభై మంది పెద్దలు తమ తమ ఇళ్లలోని సా పాత్రలను పైవస్త్రం చాటున పెట్టుకుని వచ్చారని, అవి తమ పెద్దల నుండి వచ్చిన పాత్రలని సాక్ష్యమిచ్చారని ఉల్లేఖనం ఉంది. ఆయన వాటిని కొలిచి చూసి, ఐదు రతల్‌లు, ఒక రతల్‌లో మూడో వంతుగా తేలినందున తన పూర్వపు అభిప్రాయాన్ని విడిచిపెట్టారు. హనఫీ ఫత్వా ఎనిమిది రతల్‌ల మీదనే కొనసాగింది, ఇతర ఇమాములు మదీనా కొలతను స్వీకరించారు. రెండు వైపులా ప్రమాణాలు ఉన్నాయి. మన పిల్లలు నేర్వవలసినది ఆ మహనీయుని పద్ధతి. మాట మీద మాట పెంచకుండా పాత్ర తెప్పించి కొలిచి చూశారు.

మన దక్కన్ పెద్దలు ఫిత్రా గోధుమలను 'పౌనే దో సేర్' అనేవారు. పావు తక్కువ రెండు సేర్లు అన్నమాట. సేరుకు 80 తులాలు, కాబట్టి 140 తులాలు. పాత తులం 11.664 గ్రాములు. గుణిస్తే 1 కిలో 633 గ్రాములు. హనఫీ మదరసాలలో అర్ధ సా గోధుమలకు చెప్పే తూకం ఇదే. జాగ్రత్త కోసం పావు తక్కువ రెండు కిలోలు ఇచ్చేవారు ఇవ్వవలసిన దానికంటే ఎక్కువే ఇస్తున్నారు, అది మేలే. సేరు, కిలో ఒకటేనని అనుకుని ఇచ్చేవారు మాత్రం ఆ రెండింటి తేడా తెలుసుకోవాలి.

తులం విషయంలో అలాంటి అజాగ్రత్త మేలు చేయదు, హాని చేస్తుంది. నేటి నగల బజారులో తులం అంటే 10 గ్రాములు. ధర్మశాస్త్ర పుస్తకాలలోని తులం 11.664 గ్రాములది. బంగారపు నిసాబ్‌గా రాసి ఉన్న ఏడున్నర తులాలు 87.48 గ్రాములు, అంటే నేటి బజారు లెక్కలో సుమారు ఎనిమిది ముప్పావు తులాలు. వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు 612.36 గ్రాములు. బంగారంతోపాటు వెండి, నగదు ఉన్నవారి లెక్క మారుతుంది కనుక వారు ఆలిమ్‌లను సంప్రదించాలి.

మహర్ సంగతి మరింత సున్నితమైనది. కొన్ని కుటుంబాలలో మహర్-ఎ-ఫాతిమీని 131 తులాల 3 మాషాల వెండిగా రాస్తారు. పన్నెండు మాషాలు ఒక తులం కనుక అది 131 పావు తులాలు. పాత తులంతో గుణిస్తే 1530.9 గ్రాములు. దానిని బజారు తులంగా భావించి చెల్లిస్తే 1312.5 గ్రాములే అవుతాయి. 218.4 గ్రాముల వెండి భార్యకు అందకుండా పోతుంది. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా ఒక స్త్రీ హక్కులో ఏడో వంతు తగ్గింది. కాబట్టి నికాహ్ పత్రంలో తులాలతోపాటు గ్రాములను కూడా రాయించడం పెద్దల బాధ్యత. చెంచాను మిల్లీలీటర్లలోకి మార్చడం నేర్చిన పిల్లవాడు పెద్దవాడై ఈ పత్రం ముందు కూర్చున్నప్పుడు, ఇది ఏ తులం అని అడగగలగాలి. మన పాఠానికి గమ్యం అదే.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ఈ పాఠాన్ని ఆడపిల్లలకే పరిమితం చేయకండి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కొడుకులు పిండి జల్లించడం చిన్నతనం కాదు, సున్నత్ అడుగుజాడ. చేతులు కడుక్కుని, బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టించండి. ఓవెన్ తలుపు తెరవడం, వేడి పళ్లెం తీయడం పెద్దలే చేయాలి. పిల్లవాడి లెక్క తప్పితే పిండి ఓవెన్‌లోకి వెళ్లకముందే మరొకసారి తూచమనండి. కసరడం కంటే త్రాసు చూపడం మేలు. నోటు పుస్తకంలో తేదీ వేసి, ప్రతిసారీ కప్పుల పట్టిక పక్కన గ్రాముల పట్టిక రాయించండి. నెల తిరిగేసరికి ఆ ఇంటికి సొంత పట్టిక సిద్ధమవుతుంది. వస్తువులు వృథా కాకుండా చిన్న పాళ్లతోనే చేయించండి.

చివరిగా, తయారైన నాన్‌ఖటాయిలను పిల్లలచేతనే ఇంటివారికి, పొరుగువారికి పంచిపెట్టించండి. ఇన్ని పళ్లేలకు సమంగా రావాలంటే ఒక్కొక్కరికి ఎన్ని అని వారినే లెక్కించమనండి. తన వాటా కంటే పొరుగువారి వాటా తగ్గకుండా చూసుకున్న చేయి, రేపు త్రాసు పట్టినప్పుడు వణకదు.

ఆహారాన్ని కొలిచి వాడుకుంటే అందులో శుభం కలుగుతుందన్న ప్రవక్త (స) బోధ సహీహ్ బుఖారీలో ఉంది. మదీనా వారి సా, ముద్‌లలో బర్కత్ కోసం ఆయన దుఆ చేశారు. మన ఇళ్లలోని కప్పులకు, త్రాసులకు కూడా అల్లాహ్ ఆ బర్కత్‌ను ప్రసాదించుగాక. మన సంతానాన్ని నిండుగా కొలిచేవారిలో చేర్చుగాక. ఆమీన్.